కొండెక్కిన ఎర్రదీపం

లడాయి ఎక్కడో జర్మనీ వాళ్ళది, బల్బుల కరువు మాత్రం మాకు. అమ్రాబాద్ అడవిలో కొట్టిన వెదురును కృష్ణ మీద లాక్కుపోవడం మా సర్కారు లాంచీ పని. ఆ ముసలి లాంచీని నడపడం నా పని. చుక్కాని పక్కన కరెంటు పలక ఒకటి ఉంది. దాని మీద ఎర్ర గాజుబిళ్ళ, బిళ్ళ వెనక గోరంత బల్బు. ఇంజను మొదలుపెట్టేటప్పుడు అది వెలగాలి, ఇంజను అందుకోగానే ఆరాలి. ఆరకపోతే బ్యాటరీకి కరెంటు అందడం లేదని లెక్క. ఆ బల్బే మాడిపోయింది. అది లేకుండా లాంచీ కదపొద్దని పైవాళ్ళ హుకుం. బల్బు ఇవ్వమంటే మాత్రం ఆ పైవాళ్ళకే చెవుడు.

చేసేదేముంది, మాడిన బల్బును ఊడదీసి, కొలతకు పనికొస్తుందని రుమాలు కొసకు మూటకట్టుకొని నేనే బయలుదేరాను. వనపర్తిలో దుకాణందారు జామకాయంత ఇంటి బల్బు తీసి ముందర పెట్టాడు. ఇది కాదు, ఇంతే ఉంటుందని రుమాలు విప్పి చూపిస్తే నవ్వాడు.

"గింత దీపానికి గంత దూరం తిరుగుతున్నవా మిస్త్రీ? కిరసనాయిలు చిమ్నీ పెట్టుకోరాదు!"

నాకు ఒళ్ళు మండింది. అక్కడి నుంచి గద్వాల. అక్కడ లారీలు బాగుచేసే రజాక్ నా దోస్తు. వాడు వెతికి ఇచ్చిన మొదటి బల్బు మరచుట్టుది, మా హోల్డరుకు పట్టదు. రెండోది పడుతుంది కాని మా బ్యాటరీకి వెలిగే రకం కాదు. చివరికి చచ్చిన లారీ పలకలోంచి ఒకటి పీకాడు. అక్కడి బ్యాటరీకి తగిలిస్తే వెలిగింది.

"భద్రం భాయ్. గిది గూడ పోతే మల్ల నా కన్ను పీకి ఇయ్యాలె," అన్నాడు.

ఆ సంతోషంతో రేవుకు తిరిగి వస్తే, అడవి చౌకీ ముందు సోమయ్యను గుంజకు కట్టేసి ఉన్నారు. సోమయ్య చెంచు. మా వెదురు మోపులకు తాళ్ళు కట్టేది అతనే. వీపు మీద బెత్తం వాతలు తేలాయి, మణికట్లు రెండూ ఉబ్బిపోయాయి. పక్కన నేల మీద కూచున్న అతని పెళ్ళాం మల్లమ్మ నన్ను చూసి లేచింది.

"గుడిసె అంత సోదా జేసిన్రు ఇస్మాయిలన్నా. తేనె కుండలు పలగ్గొట్టిన్రు. దీపం ఏడ దాసినవని కొడ్తున్రు. ఏం దీపమో మాకేం తెల్సు?"

లాంచీలో గెడ వేసే ముసలి కిష్టయ్య సంగతి చెప్పాడు. నేను లేనప్పుడు చౌకీ మీద అధికారి పేష్కారు తనిఖీకి వచ్చి, లాంచీ ఎందుకు నిలిచిందని అడిగాడట. ఆయనకు వచ్చిన తెలుగు పిడికెడు, దాని మీద గర్వం గంపెడు.

"నేనేమన్న బిడ్డా? ఎర్రదీపం కొండెక్కింది సాబ్, అన్న. దీపం ఆరింది అంటరా ఎవరన్న నోటితోని?"

ఎవరూ అనరు. ఆరిందంటే అపశకునం. పాన్‌గల్‌లో మా అమ్మ సకీనాబీ కూడా పక్కింటి వాళ్ళతో కొండెక్కిందనే అంటుంది. పేష్కారుకు కొండ అంటే తెలుసు, ఎక్కడమంటే తెలుసు. పోయి పలక చూస్తే బల్బు ఉండాల్సిన చోట బొక్క. కొండ మీద ఉండేదెవరు? చెంచులు. ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమన్నట్టు, రేవులో దొరికిన సోమయ్యను దొంగని కట్టేయించాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. జవాను బాలస్వామి బెత్తం పట్టుకొని అక్కడే ఉన్నాడు. వాడిది అమరచింత, మాటాడేది తెలుగే.

"మీ ఇంట్ల దీపం ఏడికెక్కుతదిర బాలస్వామీ? సాబుకు చెప్పనీకె నోరు రాలేదా?"

"సాబు మాటకు ఎదురు చెప్పాల్నా?" అని గొణిగి బెత్తం వీపు వెనక దాచుకున్నాడు.

పేష్కారు తెలియక కొట్టించాడనుకుందాం. వీడు తెలిసి కొట్టాడు. నా కోపం ఎక్కువ వీడి మీదే.

లోపలికి పోయి మాడిన బల్బును పేష్కారు బల్ల మీద పెట్టాను. "ఇదే మీ చోరీ మాల్. నా దగ్గరే ఉంది, నన్ను కట్టేయండి!" అని ఉర్దూలో అరిచాను. ఉర్దూలో అరిచాను కాబట్టి విన్నాడు. "మీ ఇంట్లో చిరాగ్‌ను బుఝాదో అంటారా? ఠండా కరో అనరూ? ఈ మాటా అలాంటిదే!" ఉర్దూలోనూ దీపాన్ని ఆర్పెయ్యమనరు, చల్లబరచమంటారు.

ఆయన బల్బును అటూ ఇటూ తిప్పి చూశాడు. "అచ్ఛా. మరి ఆ ముసలివాడు సాఫ్‌గా చెప్పాలి కదా," అన్నాడు. అంతే. తప్పు కిష్టయ్యదైపోయింది. "వాణ్ణి విప్పండి. వెదురు ఆలస్యమైంది, తాళ్ళు కట్టమనండి."

తాళ్ళు! ఆ చేతులతో! "తాళ్ళు మీ జవాను కడతాడు. లేకుంటే లాంచీ కదలదు," అన్నాను. కొత్త బల్బు నా జేబులోనే ఉంది, జేబు తట్టి చూపించాను గాని బయటికి తీయలేదు. పేష్కారు నా మొహం చూశాడు, జేబు చూశాడు, చివరికి బాలస్వామికి సైగ చేశాడు.

బాలస్వామి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి తాళ్ళు కట్టాడు. చూస్తున్నా నా కడుపుమంట చల్లారలేదు. కింది రేవులో దిగితే దవాఖానకు దారి ఉంది. సోమయ్యనూ మల్లమ్మనూ లాంచీలో నా పక్కనే కూచోబెట్టుకున్నాను.

బల్బు బిగించాను. ఎర్రదీపం వెలిగింది. ఇంజను అందుకుంది, దీపం ఆరింది. కిష్టయ్య సంబరంగా, "ఆఁ, కొండె..." అని నోరు తెరిచాడు.

సోమయ్య ఉబ్బిన చేతులు రెండూ ఎత్తి అతనికి దండం పెట్టాడు.

"ఇగ మీద ఆరిందనే అను కిష్టన్నా. పాపం తగిల్తే నాకు తగలనియ్. మా కొండ మాత్రం ఎక్కియ్యకు."