ఎడమచేతి వేలిముద్ర

నర్సు పాత కట్టు విప్పుతుంటే గౌసియా బేగం పళ్లు బిగబట్టి గోడవైపు తిరిగింది. కుడిచేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది. నిన్న పొద్దున జిన్నింగ్ మిల్లులో రోలర్ల మధ్య పత్తి ఇరుక్కుంటే లాగబోయింది. పత్తితోపాటు చెయ్యీ లోపలికి పోయింది. రోలర్ల మీద ఉండాల్సిన ఇనుప జాలీని సీజను మొదట్లోనే తీసేశారు. అది ఉంటే పని ఆలస్యమవుతుందట.

కొత్త కట్టు కట్టి నర్సు అటు వెళ్లగానే మిల్లు సూపర్‌వైజర్ వెంకటేశ్ స్టూలు మంచం పక్కకు లాక్కున్నాడు. చేతిలో బాండు పేపరు, ఇంకు ప్యాడు. గౌసియా భర్త ఇబ్రహీం మంచానికి కాళ్లవైపు నిలబడి ఉన్నాడు. ఆటో నడిపే మనిషి, నిన్నటి నుంచి ఆటో తియ్యలేదు, కన్ను మూయలేదు.

"చెల్లే, మిల్లు సేటు యాభై వేలు ఇప్పుడే ఇస్త అంటుండు. ఇంటికాడ గడ్డి మిషన్ల చెయ్యి పడ్డదని రాసినం. గీడ వేలు వెట్టు, అయిపాయె."

"మా ఇంట్ల బర్రెనే లేదు గదన్నా. గడ్డి మిషను ఏడికెళ్లి వచ్చింది?"

వెంకటేశ్ గొంతు తగ్గించాడు. "పోలీసాయన వస్తుండు. అడిగితే గదే చెప్పాలె. మీ ఆడబిడ్డ సాయిమా గూడ మా మిల్లులనే పనిచేస్తుంది, యాది పెట్టుకో."

"పెట్టు గౌసియా," అన్నాడు ఇబ్రహీం. "గా పైసలతోని హైదరాబాద్ తీస్కపోతే ఇంకో ఆపరేషన్ జేస్తరట. కోర్టుల సుట్టు ఎన్నేండ్లు తిరుగుతం?"

గౌసియా అతని ముఖంలోకి చూసింది. అందులో భయం తప్ప ఏమీ లేదు. ఆమె మెల్లగా ఎడమచెయ్యి చాచింది. వెంకటేశ్ ఆమె బొటనవేలు పట్టుకుని ఇంకులో అద్దాడు.

"ఆగు!"

గౌసియాతో పాటు మిల్లులో పనిచేసే స్వరాజ్యం వార్డులోకి వచ్చింది. జుట్టు నిండా పత్తి నుసి.

"డ్యూటీ ఇడిసిపెట్టి వచ్చినవా?" వెంకటేశ్ లేచి నిలబడ్డాడు.

ఆమె నేరుగా మంచం దగ్గరికి నడిచింది. "గౌసియా, మిల్లుల నా మోకాలు పలిగిననాడు నేను గూడ గిట్లనే ఏలు వెట్టిన. ఇంటిముంగట జారి పడ్డనని. మల్ల నొప్పి తిరగబెట్టినంక వకీలు కాడికి పోయిన. ఏలు వెట్టకముందు రావాలమ్మా, ఇంటికాడ పడ్డనని నీ నోటితోనే చెప్పినంక మిల్లు మీద ఎట్ల కొట్లాడాలె అన్నడు."

"వకీలుకు ఇయ్యనీకి మా తాన ఏముంది అక్కా?" అన్నాడు ఇబ్రహీం.

"కోర్టు కాడ న్యాయసేవ ఆఫీసు ఉన్నది. ఆడోళ్లకు ఉత్తగనే వకీలును ఇస్తరు. పొద్దుగాల పోయి అడిగిన. చిన్న దెబ్బయితే మీరే మాట్లాడుకోండ్రి, చెయ్యి పోయినంక, గది మా మిల్లుల కాలేదని మిల్లోళ్లంటుంటే వకీలు లేక అడుగు ముంగటికి వెయ్యద్దన్నది ఆడి వకీలు మేడం. రేపు తనే వస్తదట. అందాక దేనిమీద ఏలు పెట్టద్దన్నది."

"రేపటి సంది నువ్వు పనికి రాకు," అన్నాడు వెంకటేశ్.

స్వరాజ్యం ముఖం పాలిపోయింది. మంచం కడ్డీ గట్టిగా పట్టుకుంది. అయినా కదల్లేదు.

అప్పుడే హెడ్ కానిస్టేబుల్ దేవదాసు అట్ట, కాగితాలతో వచ్చాడు. "ఎట్ల అయిందమ్మా?"

"ఇంటికాడ సార్, గడ్డి మిషన్ల..." వెంకటేశ్ అందుకున్నాడు.

"నిన్ను అడగలే," అన్నాడు దేవదాసు.

వార్డంతా తనవైపే చూస్తున్నట్టనిపించింది గౌసియాకు. బొటనవేలి ఇంకును దుప్పటికి గట్టిగా రుద్దింది.

"మిల్లుల సార్. జాలీ లేని రోలర్ల పడ్డది. గీ కాగితం మీద నేను వేలు వెట్ట."

వెంకటేశ్ ఫోను తీసుకుని వరండాలోకి పరుగుతీశాడు. కాసేపటికి ఇబ్రహీం ఫోను మోగింది. అవతల సాయిమా ఏడుస్తోంది. మిల్లు గేటు బయటికి పంపేశారట. ఇబ్రహీం గౌసియా చేతి కట్టువైపు చూశాడు.

"ఇంటికి పో సాయిమా," అన్నాడు. "నేను గీడనే ఉంట."

"జాలీ ఎవరు తియ్యమన్నరమ్మా?" దేవదాసు పెన్ను ఎత్తి పట్టుకుని అడిగాడు.

గౌసియా లేచి కూర్చోబోయింది. ఒంటిచేత్తో చేతకాలేదు. ఇబ్రహీం వచ్చి ఆమె వీపు వెనక చెయ్యి ఆనించాడు.