నిద్ర ఏడుపు కాదు

కుట్టుమిషన్లు బాగుచేసే మెకానిక్‌కి కూతురు పుట్టి ఐదు నెలలైంది. భార్య ఆ వారమే మళ్లీ ఆసుపత్రిలో సాయంత్రం డ్యూటీకి చేరడంతో, పాపను పడుకోబెట్టే పని అతని నెత్తిన పడింది. సాయానికి అత్తగారు వచ్చారు గానీ, ఆవిడ సాయం సగం నోటితోనే.

మొదటి మూడు రోజులూ అతను చిత్తుగా ఓడిపోయాడు. భుజాన వేసుకుంటే ఏడుపు, దించితే ఏడుపు. చివరికి అత్తగారు ఎత్తుకోగానే ఆ బుడంకాయ ఇట్టే కళ్లు మూసేది.

"మిషన్లకి నూనె పోసినంత తేలిక కాదు బాబూ," అనేవారు ఆవిడ, నవ్వు దాచుకోకుండా.

నాలుగో రోజు రాత్రి ఎనిమిది కాకముందే ఏడుపు మొదలైంది. పాలు తాగింది, తేన్చింది, బట్టలు మార్చి సాక్సులు తొడిగారు. అయినా గుక్కపట్టి ఏడుస్తోంది. ఈసారి అత్తగారి భుజం కూడా పనిచేయలేదు.

"నిద్రకే ఈ రాగం. ఉయ్యాల్లో వేసి తలుపు దగ్గరగా వేసేయండి. ఏడ్చి ఏడ్చి అదే పడుకుంటుంది. మా అమ్మాయిని ఇలాగే పెంచాను."

అతను పాపను ఉయ్యాల్లో వేసి, గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. నిద్రకు ఏడ్చేటప్పుడు పాప మధ్యమధ్య ఆగి, ఎవరైనా వస్తున్నారా అని చూసేది. ఇప్పుడు ఆగడమూ లేదు, చూడడమూ లేదు.

"ఇది నిద్ర ఏడుపు కాదత్తయ్యా. ఎక్కడో నొప్పి."

"మూడు రోజులకే మీకంత తెలిసిపోయిందా?"

అతను లైటు వేసి, పాప చొక్కా విప్పాడు. మెడ, చంకలు, వీపు చూశాడు. ఏమీ లేదు.

"దానికి చలేస్తుందయ్యా!" అంటూ అత్తగారు దుప్పటి పట్టుకొచ్చారు.

అతను సాక్సులు లాగాడు. ఎడమకాలి చిటికెనవేలు ఎర్రగా ఉబ్బిపోయి ఉంది. వేలి మొదలు చుట్టూ ఎవరిదో తల వెంట్రుక చుట్టుకుని, చర్మంలోకి బిగిసిపోయింది.

అత్తగారి చేతిలోంచి దుప్పటి జారిపోయింది.

"అత్తయ్యా, కాలు కదలకుండా పట్టుకోండి."

పనిసంచీలోంచి సన్నమూతి పట్టకారు తీసి, వేడినీళ్లతో కడిగి, వెంట్రుక కొస కోసం వెతికాడు. దొరికినట్టే దొరికి జారిపోయింది. మళ్లీ పట్టాడు, మళ్లీ జారింది. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు. మూడోసారికి చిక్కింది. ఒక చుట్టు, రెండు, మూడు... వెంట్రుక మొత్తం ఊడి వచ్చేసింది.

కాసేపటికి ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది.

వెంటనే భార్యకు వీడియో కాల్ చేస్తే ఆమె అక్కడి డాక్టరమ్మకు చూపించింది. "పూర్తిగా వచ్చేసింది. పొద్దున్నే ఒకసారి తీసుకురండి," అందావిడ. "ఇంకాస్త ఆలస్యమైతే వేలికే ముప్పొచ్చేది. ఎవరండీ కనిపెట్టింది?"

అతను నోరు తెరిచేలోపే అత్తగారు ఫోన్ లాక్కున్నారు. "మా అల్లుడుగారే! పడుకోబెట్టెయ్యమని నేనే అన్నాను. ఆయన వినలేదు కాబట్టి సరిపోయింది."

పాప తండ్రి భుజం మీదే నిద్రపోయింది. అత్తగారు వీధి గుమ్మంలో నిలబడి, పక్కింటావిడకు జరిగిందంతా గొంతెత్తి చెబుతున్నారు.

"అత్తయ్యా, మెల్లగా! పాప పడుకుంది," అన్నాడతను, అత్తగారితో మొదటిసారి గట్టిగా.

ఆవిడ ఠక్కున నోటిమీద చెయ్యి వేసుకున్నారు.