దారం కట్టాల్సిన చోట కత్తి

పిట్టల ఫొటోలు తీసేవాళ్లంటే సాధువులని ఊళ్లో ఒక నమ్మకం ఉంది. ఆ మాట అనేవాళ్లు వీళ్లను గూటి దగ్గర ఎన్నడూ చూసి ఉండరు. మలేసియాలోని పేరక్ కొండల కింద టైర్ల కొట్టు నడిపే లియోంగ్, పదకొండేళ్లుగా జలగలకు నెత్తురు ధారపోస్తూ, పెళ్లాం చేత చివాట్లు తింటూ ఒకే ఒక్క ఫొటో కోసం అడవి పట్టుకు తిరుగుతున్నాడు. మగ తెల్లతోక పిట్ట గూటి అంచున నిలబడి పిల్లల నోట్లో మేత పెట్టాలి. మూరెడు తోక కిందికి వేలాడుతూ కనపడాలి. మధ్యలో ఒక్క ఆకు కూడా అడ్డం ఉండకూడదు.

చివరికి అలాంటి గూటిని కనిపెట్టింది హంజా. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. లియోంగ్‌కు కెమెరా పట్టుకోవడం నేర్పింది కూడా అతనే. గూడు ఎక్కడుందో లియోంగ్ ఒక్కడికే చెప్పాడు, చెప్పేముందు ఒట్టు వేయించుకున్నాడు. వాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. అడ్డం వచ్చే రెమ్మను దారంతో పక్కకు లాగి కట్టవచ్చు, అదీ అరగంట మాత్రమే. ఆ తర్వాత విప్పేయాలి. కత్తి మాత్రం పెట్టకూడదు. ఫొటోకు అడ్డంగా కనపడే ఆకే పిల్లలకు పైకప్పు.

శుక్రవారం పన్నెండు దాటుతుండగా హంజా దారం విప్పి, ప్యాంటుకు అంటిన బురద దులుపుకున్నాడు.

"జుమ్మా నమాజుకు పోయి రెండింటికల్లా వస్తా తమ్ముడూ. దారం మళ్లీ కట్టకు. ఎండ మండిపోతోంది, పిల్లలు మాడిపోతాయి."

"కదిలితే ఒట్టన్నా."

"నువ్వు కదిలితే కదులు. చేతులు మాత్రం కదపకు. నీ చేతుల సంగతి నాకు తెలుసు."

హంజా వెళ్లాక తండ్రి పిట్ట మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ ఒకే ఆకు సరిగ్గా దాని కంటికి అడ్డం పడింది. కన్ను కనపడని పిట్ట ఫొటోను వీళ్లు ఫొటోగానే లెక్కపెట్టరు. లియోంగ్‌కు ఒళ్లు మండిపోయింది. పదకొండేళ్ల ఓపిక ఒక్క ఆకు దగ్గర చచ్చింది. ఒక్క రెమ్మే కదా అనుకుంటూ వెళ్లి జేబులోంచి కత్తి తీసి కోసేశాడు. ఒకటి కోస్తే వెనక ఇంకోటి కనపడింది. దాన్నీ కోశాడు.

వెలుతురు తిన్నగా గూట్లో పడింది. రెండు పిల్లలు నోళ్లు తెరిచి, మెడలు వేలాడేసి, ఎండకు ఎగరొప్పసాగాయి. పిట్టలకు కనపడకుండా వేసుకున్న గుడారంలోకి లియోంగ్ దూరి కెమెరాకు కన్ను ఆనించాడు.

వచ్చింది తండ్రి పిట్ట కాదు, డేగ. అది దిగిన వేగానికి కొమ్మ విల్లులా వంగింది. గోళ్లు ఒక పిల్లలో దిగబడ్డాయి. తండ్రి పిట్ట ఎక్కడినుంచో బాణంలా వచ్చి, తనకు పదింతలున్న డేగ నెత్తిన పొడిచింది. మళ్లీ పొడిచింది. డేగ ఒక్క విదిలింపు విదిలించేసరికి తెల్లతోక సగానికి తెగి గాలిలో తేలింది. పిల్ల గొంతు ఇంకా అరుస్తూనే ఉంది.

లియోంగ్ ఒక్కసారి చప్పట్లు కొడితే డేగ ఎగిరిపోయేది. ఆ సంగతి అతనికీ తెలుసు. కానీ బటన్ మీది వేలు లేవలేదు. డేగ పిల్లను పట్టుకుని చెట్ల మీదుగా పోయేదాకా కెమెరా టకటకా కొట్టుకుంటూనే ఉంది. సిగ్గులేని చెయ్యి అది.

హంజా కొబ్బరన్నం పొట్లాలు, ప్లాస్టిక్ సంచిలో టీ పట్టుకుని వచ్చేసరికి లియోంగ్ గుడారం బయట నిలబడి ఎదురుచూస్తున్నాడు. సగం భయంతో, సగం ఆనందంతో.

"అన్నా, ఇది చూడు. జన్మలో ఒక్కసారి దొరుకుతుంది."

హంజా అలవాటు కొద్దీ ఫొటోను పెద్దది చేసి ముందు డేగ కన్ను చూశాడు. కన్ను మసక లేకుండా పదునుగానే ఉంది. పక్కకు జరిపాడు. గూటి పైన తెల్లగా, తడిగా, ఏటవాలుగా తెగిన రెమ్మ మొదలు కనపడింది. తలెత్తి చెట్టువైపు చూశాడు. టీ సంచి చేతిలోంచి జారిపోయింది.

"కోశావా?"

"అన్నా..."

"రెండో పిల్ల బతికే ఉంది. గూడు తెలిసిన డేగ మిగిలినదాని కోసం రాకుండా ఉండదు. ఆ కొమ్మ ఎక్కడ పారేశావో తీసుకురా, కడదాం. తొందరగా!"

"ఒక్క ఐదు నిమిషాలన్నా. తండ్రి పిట్ట వచ్చే వేళయింది. అది మేత పెట్టేది ఒక్కటి తీసుకుని..."

హంజా కొట్టిన మొదటి దెబ్బకు లియోంగ్ కళ్లజోడు ఎగిరి వెదురు పొదలో పడింది. రెండో దెబ్బకు పెదవి చిట్లింది.

"నువ్వు పెద్ద పతివ్రతవా?" అని అరిచి లియోంగ్ తలతో హంజా పొట్టలో కుమ్మాడు. "పోయినేడు గుడ్లగూబ గూటి మీద ఫ్లాష్ కొట్టిందెవరు? తల్లి గూడు వదిలేసి పోలేదూ? గుడ్లు కుళ్లిపోలేదూ?"

ఆ మాట హంజాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. యాభై దాటిన ఇద్దరు పెద్దమనుషులు బురదలో పడి, కుక్కల్లా కలబడి, ఒకరి మొహం ఒకరు రక్కుకున్నారు. లియోంగ్ కెమెరా స్టాండు కూలి లెన్సు రాయికి తగిలి పగిలింది. ఎవరూ అటు చూడలేదు. హంజా లియోంగ్ గుండెల మీద కూర్చుని గొంతు పట్టుకున్నాడు.

వెల్లకిలా పడిన లియోంగ్‌కు హంజా భుజం మీదుగా ఆకాశం కనపడుతోంది. కళ్లజోడు లేకపోయినా ఆ నీడ దేనిదో తెలిసింది.

"డేగ! అన్నా, డేగ!"

"మళ్లీ అబద్ధమా?" అంటూ హంజా ఆ నోటి మీదే గుద్దాడు.

తల్లి పిట్ట కేక వినపడ్డాక గాని అతని పిడికిలి ఆగలేదు. ఇద్దరూ లేచి అరుస్తూ, చేతులూపుతూ పరుగెత్తారు. అప్పటికే డేగ కాళ్ల కింద ఏదో ఎర్రగా వేలాడుతూ కొండవైపు పోతోంది.

కాసేపటికి తండ్రి పిట్ట తూనీగను ముక్కున పట్టుకుని వచ్చి గూటి అంచున నిలబడింది. సగం తెగిన తోక కిందికి వేలాడుతోంది. ఒక్క ఆకు అడ్డం లేదు. అది వంగి ఖాళీ గూట్లోకి చూసి, తూనీగను లోపలికి అందించి, మళ్లీ వెనక్కి తీసుకుని, మళ్లీ అందించింది.

హంజా గుడారంలోంచి తన కెమెరా తెచ్చి లియోంగ్ రొమ్ముకు గట్టిగా నొక్కాడు.

"తియ్యరా. ఇదేగా నీకు కావలసింది? తియ్యి."

లియోంగ్ నెత్తురు ఉమ్మేసి, రెండు చేతులూ చంకల్లో దోపుకుని, చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. ఆ ఏడుపుకు బెదిరి పిట్ట ఎగిరిపోయింది, తూనీగ దాని ముక్కునే ఉంది.