తమటె ఆఖరి దెబ్బ

పాడె సిద్ధమైంది. దాసప్పను పడుకోబెట్టి పూలు కూడా వేసేశారు. కానీ పాడె లేవలేదు. ఆయన భార్య మునివెంకటమ్మ దానికి అడ్డంగా కూర్చుంది.

"ఆ దరువు లేకుండా పంపను," అంది.

ముళబాగిలు నుంచి వచ్చిన మేళం జగదీష్ తల గోక్కున్నాడు. "ఆ పాత దరువు మాకు యాడొస్తాదవ్వా? సినిమా పాట కొడతాం. తాతకు డాన్సంటే ఇష్టమే కదా."

"ఇష్టమే. బతికినప్పుడు."

కోరమండల్ లైన్లలో, ఆ గని కార్మికుల ఇళ్ల వరసల్లో, ఎవరూ ఆమెకు అడ్డు చెప్పలేదు. గనిలో ప్రమాదం జరిగిన ప్రతిసారీ శవం ముందు నడిచింది దాసప్ప తమటె డప్పే. గనులు మూతపడ్డాక ఆయన పిల్లలకు పెళ్లి దెబ్బ, జాతర దెబ్బ అన్నీ నేర్పాడు. సావు దరువు మాత్రం నేర్పలేదు. అది ఇంట్లో పూర్తిగా మోగితే ఆ ఇంట్లో ప్రాణం పోతుందంటారు. శవం ముందు నడుస్తూనే నేర్చుకోవాలి. ఆడపిల్లలు శ్మశానానికి వెళ్లరు. అందుకే ఆయన దగ్గర అందరికంటే బాగా నేర్చుకున్న మనవరాలు అర్పితకు కూడా అది రాదు.

ఇప్పటిదాకా అర్పిత కూడా అలాగే అనుకుంది.

"ఎట్లుంటాది అవ్వా అది?"

"మోసేటోళ్ల నడక మాదిరి ఉంటాది. రెండడుగులు, ఒక నిలుపు. ఇంగ ఆఖర్న సన్న పుల్లతో అంచు మీద ఒకే దెబ్బ. అది పడితేనే పాడె కదిలేది."



రెండడుగులు, ఒక నిలుపు. చిన్నప్పటి నుంచి అర్పితకు తాత చెప్పిన పాఠమే అది. ప్రతిసారీ చివర్లో ఆమె చెయ్యి పట్టుకుని ఆపేవాడు. "ఇంగ చాలు పాపా. ఆఖరు నాకు వదిలెయ్."

నిన్న మధ్యాహ్నం అవ్వ పాల డెయిరీకి వెళ్లింది. గని దుమ్ము తిన్న ఊపిరితిత్తులతో ఎగశ్వాస పడుతూ తాత, "ఏదన్నా కొట్టు పాపా," అన్నాడు. అర్పిత ఆ పాఠమే ఎత్తుకుంది. ఆపడానికి ఆయన చెయ్యి లేవలేదు. పుల్ల తనంతట తానే అంచు మీద పడింది.

తాత కళ్లు తెరిచాడు. కోప్పడలేదు. "వచ్చేసిందే నీకు," అని నవ్వి, గోడ వైపు తిరిగాడు. తెల్లారేసరికి లేడు.

అర్పిత లేచి తాత తమటె తీసుకుంది. రాగి గడ్డి మంట మీద కాచింది. చర్మం బిగిసింది.

మొదలుపెట్టింది. రెండడుగులు, ఒక నిలుపు. మునివెంకటమ్మ నోరు తెరిచి చూసి, పక్కకు జరిగింది. నలుగురు పాడెను భుజాలకెత్తుకున్నారు.

ఆఖరి దెబ్బ దగ్గర అర్పిత చెయ్యి గాలిలో ఆగిపోయింది. మోసేవాళ్లు బరువుతో నిలబడి చూస్తున్నారు.

"కొట్టమ్మా," అంది అవ్వ, మెల్లగా. "ఆయప్ప పోవాల."

పుల్ల అంచు మీద పడింది. పాడె కదిలింది.

లైను చివరి దాకా అవ్వ పక్కనే నడిచింది. అక్కడ ఆగి అడిగింది. "ఆఖరు నీకు ఎప్పుడు నేర్పినాడు పాపా?"

అర్పిత తల వంచుకుని, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.