అల్ షహానియాలో ఒక చుక్క

అల్ షహానియాలోని ఒంటెల ఫారం దగ్గర ఫక్రున్నీసా కారు ఆపేసరికి పొద్దు వాలుతోంది. ఆమె దోహాలో ఒక బడిలో జీవశాస్త్రం చెబుతుంది. కూతురు నూరైన్, కాలేజీ పనిగా, అరబ్బు నేల మీద చెట్టుకప్పలు సహజంగా ఎక్కడెక్కడ బతుకుతున్నాయో పటం గీస్తుండేది. కప్ప ఉన్న చోటల్లా ఒక చుక్క. తక్కిన చుక్కలన్నీ ఇతరులు కనిపెట్టినవి. ఖతార్‌లో ఉన్న ఒక్క చుక్క నూరైన్‌ది. ఈ ఫారం గోడ అవతల నిలబడి కప్ప కూత విని, ఫోన్‌లో రికార్డు చేసి పెట్టింది. ఆ తర్వాతి వారమే రోడ్డు ప్రమాదంలో పోయింది.

పటం అచ్చుకు వెళ్లేముందు ఎవరైనా ఆ కప్పను కళ్లారా చూసి చెప్పాలన్నాడు ప్రొఫెసర్. తానే వెళ్తానంది ఫక్రున్నీసా. చుక్క నిలిస్తే దాని పక్కన నూరైన్ పేరు ఉంటుంది.

గేటు దాటగానే వినిపించింది. టక్ టక్ టక్. వెనక నీళ్ల చప్పుడు. రికార్డులోనూ అదే ఉంది. ఆ నీళ్లు స్ప్రింక్లర్‌వి అనుకుంది నూరైన్. ఫక్రున్నీసా మెల్లగా రేకుల షెడ్డు చుట్టూ తిరిగి వెళ్లింది.

అక్కడ స్ప్రింక్లర్ లేదు. ఒంటెల తొట్టి పక్కన ఒకాయన కూర్చున్నాడు. తొట్టి గట్టు మీద ఫోను. కూత అందులోంచి వస్తోంది. అది ఆగి, ఆడగొంతు పలికింది.

“ఇన్నవా? సాలా, ఇంకింత పంపాల్నా? ఫోన్ పట్టి పట్టి చెయ్యి గుంజుతున్నది.”

“ఏ ఊరన్నా మీది?” అంది ఫక్రున్నీసా.

అతను గబుక్కున లేచాడు. “నిర్మల్ దిక్కు మేడమ్. పోశన్న నా పేరు. ఊర్ల వాన వడ్డప్పుడల్లా కప్పల సప్పుడు పంపుమంట నా పెండ్లాం బాలవ్వను. ఖతార్ అన్నా దానికి దుబాయే. దుబాయ్‌ల వాన లేదా అని తిడుతది. అయినా పంపుతది.”

“రోజూ పెడతవా?”

“మేతేసే యాళ్లకు. ఒంటెలకు గూడ అలవాటైంది. కప్ప ఒర్రకుంటే తొట్టిల మూతి పెడ్తలేవు.”

“ఇటు ఒక పిల్ల ఎప్పుడన్న వచ్చిందా?”

“ఒక్కపారి గోడ అవతల నిలవడ్డది. ఫోన్ ఎత్తి పట్టుకున్నది. నచ్చిందేమో అని ఇంక జర సౌండ్ పెంచిన. ఎవలు మేడమ్?”

“మా బిడ్డ.”

“మంచిగున్నదా?”

“చనిపోయింది.”

పోశన్న ఫోన్ అందుకుని కూత ఆపాడు. తొట్టిలోంచి ఒక ఒంటె తల ఎత్తింది.

“బంద్ చెయ్యకు,” అంది ఫక్రున్నీసా. “తింటున్నయ్.”

కారులో కూర్చుని ప్రొఫెసర్‌కు రాసింది. ‘అక్కడ కప్ప లేదు. విన్నది ఫోన్‌లోని కూత. నూరైన్ చుక్క తీసేయండి.’ మళ్లీ ఒకసారి చదివింది. ‘నూరైన్ చుక్క’ అన్నచోట ‘ఆ చుక్క’ అని దిద్ది, పంపింది.