శుక్రవారం అతుకులు

ఐదో అతుకు కూడా పగిలింది.

ఇంజనీరు శ్రీధర్‌రావు ఎక్స్‌రే ఫిల్మును ఎండకెత్తి, వెంట్రుకంత నల్లగీతను చూపించాడు. లక్సెట్టిపేట పొలాల మధ్య వేస్తున్న గ్యాసు లైను అది. పగిలినవన్నీ గులాం నబీ వెల్డింగు చేసినవే. సాయంత్రంలోగా కారణం దొరక్కపోతే నబీని తీసేస్తామన్నాడు. అలా తీసేసినవాణ్ణి మరే లైనులోనూ రాడ్డు పట్టనివ్వరు.

నబీ పక్కనే హెల్పరు బాలమల్లు నిలబడి ఉన్నాడు. యాభై ఏడేళ్ల మనిషి. పదకొండేళ్లుగా రాడ్ల డబ్బా మోస్తూ నబీ వెనకే నడిచాడు. వెల్డింగుకు ముందు పైపును మంటతో కాచడం, తర్వాత అతుకును గ్రైండరుతో నున్నగా చేయడం ఆయన పని. చేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. వాటిని చూసి భార్య సత్తమ్మ చుక్కల అంగీ తొడుక్కున్నావని నవ్వేది. ప్రతి అతుకు పక్కనా నబీ నంబరు పడేది. బాలమల్లు పేరు ఎక్కడా పడేది కాదు. దానికాయన ఏనాడూ ఫికర్ చేయలేదు.

శ్రీధర్‌రావు అనుమానమంతా తడి మీద. ఈ పైపుల స్టీలు పలచన, కానీ మహా గట్టిది. అంత గట్టి స్టీలుకు చెమ్మ పడదు. రాడ్డు పూతకు తడి తగిలితే ఆ రోజు ఏమీ తెలియదు, మర్నాటికి అతుకు పక్కన లోపలే నెర్రె విచ్చుతుంది. అందుకే వెల్డరుకొకటి చొప్పున కరెంటుతో వేడెక్కే మూతడబ్బా ఇచ్చి, రాడ్లను అందులోనే ఉంచమన్నారు. వాన లేదు. స్టోరు చూసే హనుమండ్లు అందరికీ ఒకే కట్ట విప్పి రాడ్లు ఇస్తున్నాడు. మరి నబీ ఒక్కడికే తడి ఎక్కడిది?

రిజిస్టరు తిరగేస్తున్న శ్రీధర్‌రావు వేలు ఒకచోట ఆగింది.

"శుక్రారం వేసినయి ఒక్కటి గూడ పగులలే."

"అయితే రోజూ నమాజుకు పంపుండ్రి సార్" అన్నాడు నబీ. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

బాలమల్లు నవ్వలేదు. శుక్రవారం నబీ మసీదుకు పోయి, అటే అక్క ఉమ్రావ్ బేగం ఇంట్లో తిని వస్తాడు. ఆ ఒక్కరోజు బాలమల్లు అతనికి రొట్టె తేడు. రెండు నెలల కింద క్లాంపు జారి నబీ ముందుపండ్లు ఊడాయి. అప్పటినుంచి సత్తమ్మ జొన్నరొట్టెలు తడిబట్టలో చుట్టి ఇస్తోంది. బాలమల్లు ఆ మూటను వేడిడబ్బాలో రాడ్ల మీద పెట్టి మూత బిగిస్తాడు. పగటి తిండి వేళకల్లా రొట్టె వెన్నలా మెత్తబడుతుంది.

రేపటినుంచి తేకుంటే చాలు, పగుళ్లు ఆగుతాయి. ఎవరికీ తెలియదు. కానీ నబీ ఈ సాయంత్రమే పోతాడు.

బాలమల్లు డబ్బా తెచ్చి శ్రీధర్‌రావు ముందు మూత తీశాడు. ఆవిరి లేచింది. మూత లోపల నీటిచుక్కలు మెరిశాయి. అందరూ మూటనే చూస్తున్నారు. ముందుగా అర్థమైంది నబీకి.

"నేనే పెట్టిన సార్" అన్నాడు గబగబా.

"నీకు పండ్లే లేవు, అబద్ధం ఎట్ల నములుతవ్?" బాలమల్లు అతన్ని పక్కకు జరిపాడు.

శ్రీధర్‌రావు నవ్వాపుకోలేకపోయాడు. నబీని ఉంచుతానన్నాడు. డబ్బాలో కూడు పెట్టినవాడు మాత్రం లైను మీద ఉండే వీల్లేదు, రొట్టె మెత్తగా చేసే చెయ్యి గనక మంచిర్యాల క్యాంపు వంటశాలకు పోవాల్సిందే అన్నాడు. పగులుకు కారణం ఎవరని రాయాలో చెప్పమని రిజిస్టరు ముందుకు జరిపాడు.

బాలమల్లు గ్రైండరు పనికి పెట్టుకునే కళ్లద్దాలు, చేతితొడుగులు విప్పి నబీ చేతిలో పెట్టాడు. రొట్టెలు కూడా ఇచ్చి, చల్లారకముందే తినమన్నాడు. తర్వాత అందరికీ వినబడేలా చెప్పాడు.

"రాసుకోండ్రి సార్. ఆ అయిదు అతుకుల పక్కన గూడ రాయుండ్రి. బాలమల్లు."

కండువా దులుపుకుని రోడ్డెక్కాడు. వెనక, ఎండకు కాలుతున్న పైపు మీద, నబీ విప్పి పరిచిన సత్తమ్మ తడిబట్ట ఒక అంచునుంచి మెల్లగా ఆరుతోంది.