బొట్టంత చోటు

బకెట్లో గుడ్డ పిండుతూనే పోతురాజు ఫియట్‌తో మాట్లాడుతున్నాడు. మనుషులతో పొదుపుగానూ బండ్లతో ధారాళంగానూ మాట్లాడతాడని గజపతినగరంలో అతని మీద ఒక మాట ఉంది.

"సెవి ఎనకాల మట్టి సూడు. ఇలగేనా ఊరెల్తావు?" అంటూ కుడివైపు అద్దం వెనక వేలు పెట్టి తుడిచాడు.

ముదురాకుపచ్చ ఫియట్ అది. యమున తండ్రి జగన్నాధం గారు ఉద్యోగంలో ఉండగా ముచ్చటపడి కొన్నారు. ఆయన పోయి చాలా ఏళ్లయినా, హైస్కూల్లో టీచరుగా చేస్తున్న యమున దాన్ని అమ్మలేదు. ఇంటి పక్కన సిమెంటు రేకుల షెడ్డులో ఉంచి, విజయనగరంలో ఏ పెళ్లో ఉన్నప్పుడు బయటికి తీసేది. ఆ వయసు బండ్లు చాలావరకు ఇనుప సామాన్ల కొట్లకి చేరిపోయాయి. ఇది మాత్రం నీడపట్టున పెరిగిన పిల్లలా నిగనిగలాడుతూ ఉంది. ఆ నిగారింపులో సగం షెడ్డు చలవ, సగం పోతురాజు చలవ.

రాయగడ రోడ్డులో వాటర్ సర్వీసింగ్ షెడ్డులో అతని పని. మీసాలు రాకముందే చేరాడు. లారీలు కడిగాడు, ట్రాక్టర్లు కడిగాడు, ఇప్పుడు బుల్లి సినిమా హాళ్లలా ఉండే కొత్త కార్లు కడుగుతున్నాడు. నీళ్లలో నాని నాని వేళ్ల చివర్లు ఎప్పుడూ ముడతలు పడే ఉంటాయి. పొట్టి మనిషి, వెడల్పాటి పాదాలు, మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు. ఇన్ని బండ్లు కడిగినవాడికి బండి నడపడం రాదు. ఎందుకు నేర్చుకోలేదని అడిగితే, "బురదలో తోలీవోలు సానామంది ఉన్నారు. కడిగీవోడు ఒకడుండాల గదా" అంటాడు.

రెండు నెలలకో ఆదివారం ఈ ఫియట్‌కి మైనం పెట్టడానికి వస్తాడు. ఆ పూట అతనికి పండగే. డబ్బాలోని పసుపురంగు మైనాన్ని పాత బనీను గుడ్డతో కొంచెం తీసుకుని, గుండ్రంగా రుద్ది, ఆరాక తుడిస్తే, రంగు లోపలెక్కడో దీపం పెట్టినట్టు లేస్తుంది. పాతకాలపు రంగు కాబట్టి గుడ్డకి కూడా కాస్త ఆకుపచ్చ అంటుతుంది. బానెట్ మీద యమున శుక్రవారం శుక్రవారం పెట్టే పసుపు బొట్టు ఒకటుంటుంది. దాని జోలికి మాత్రం పోడు. చుట్టూ తిప్పి రుద్ది, ఆ చోటు అలాగే వదిలేస్తాడు.

ఇవాళ బండి వెళ్లిపోతోంది. యమున కూతురు శైలజకి విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. రేపే చేరాలి. తాతగారి బండి తనే తీసుకుపోతానంది. పొద్దున్నే వచ్చి, షెడ్డు అరుగు మీద పాత మైనం డబ్బా పక్కన ఒక కొత్త సీసా పెట్టింది.

"ఇది సీలెంట్ అంట మావా. ఒకసారి రాస్తే ఏడాది దాకా సూడక్కర్లేదంట. మైనమైతే రెణ్ణెల్లకే పోతాది గదా. ఏది రాయాలో నువ్వే సూసి రాయి" అని లోపలికి పోయింది.

అప్పటినుంచీ పోతురాజుకి మనసు నిలవడం లేదు. బండి కడిగి ఆరబెట్టాడు. సీసా మూత తీసి వాసన చూశాడు. మూసేశాడు. డబ్బా తీశాడు. అదీ మూసేశాడు. మైనం రాస్తే రెండు నెలలకి బండి తన దగ్గరికి రాక తప్పదు. సీలెంట్ రాస్తే ఏడాది దాకా తనతో పని లేదు. ఏడాది తర్వాత తను గుర్తుంటాడో లేదో. విశాఖపట్నంలో వీధికొకడు రాసేవాడు దొరుకుతాడు. ఇంత స్వార్థం తనలో ఉందా అనుకుని సిగ్గుపడ్డాడు గానీ, డబ్బా మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

అంబలి క్యారేజీ పట్టుకుని అతని భార్య తాతమ్మ వచ్చేసరికి అలాగే కూర్చుని ఉన్నాడు.

"ఏటి, రెండిట్నీ ముందెట్టుకుని తపస్సు సేస్తన్నావు?"

సంగతి చెప్పాడు. తాతమ్మ అంతా విని, "మైనం రాసీ. రెణ్ణెల్లకోపాలి ఆ శైలజ గుంట వస్తాది, నీ బెంగా తీరతాది. ఇందల ఆలోసించడానికేటున్నాది?" అంది.

"బండికేటి మంచిదో సూడాల గదే. నీడపట్టునున్నన్నాళ్లు మైనం సాలు. అక్కడ సముద్రం పక్కన ఇల్లంట, ఉప్పుగాలి. ఆ గుంటకి ఉద్యోగం. మైనం పోయినా సూసుకోడానికి తీరిక నేదు."

"అయితే సీసాలోది రాసీ."

"అది రాస్తే మరి రాదు."

"అయితే కూసుని ఏడు" అంటూ అంబలి గ్లాసు చేతికిచ్చింది. ఆ మాట అతన్ని తిట్టినట్టూ లేదు, ఓదార్చినట్టూ లేదు. చాలా కాలం కాపురం చేసిన మాటలా ఉంది.

అంబలి తాగి, మూతి తుడుచుకుని, పోతురాజు లేచి సీసా తీసుకున్నాడు.

సీలెంట్ పట్టాలంటే ముందు పాత మైనం ఆనవాలు లేకుండా పోవాలి. గుడ్డని స్పిరిట్‌లో తడిపి తుడుస్తుంటే, తను ఏళ్ల తరబడి పెట్టిందంతా తన చేత్తోనే పోతోంది. ముక్కు ఎగబీలుస్తుంటే తాతమ్మ చూసి, స్పిరిట్ ఘాటేమో అనుకున్నట్టు మొహం తిప్పుకుంది. డోర్లు, మడ్‌గార్డులు, బానెట్ అన్నీ తుడిచి, సీసాలోని పాలలాంటి మందు పల్చగా పట్టించి, అది ఆరి తెల్లగా మబ్బు కట్టాక మెత్తటి గుడ్డతో తీశాడు. బండి అద్దమైపోయింది. అందులో తన మొహం తనకి మరీ స్పష్టంగా కనిపించి కొంచెం ఇబ్బందిపడ్డాడు.

"బాగుందే" అన్నాడు, ఒప్పుకోక తప్పక.

సాయంత్రం దాకా ఆరాక యమున పసుపు, కుంకుమ పళ్లెంతో వచ్చింది. శైలజ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. యమున తడి పసుపు వేలితో తీసి బానెట్ మీద అద్దింది. ఆ పసుపు తామరాకు మీద నీళ్లలా జారి, హెడ్‌లైటు దాకా పోయి కింద పడింది.

మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది. మూడోసారి చిక్కగా కలిపి తెచ్చింది. అదీ ఒక క్షణం ఆగి, తీరుబడిగా దిగిపోయింది. శైలజకి నవ్వాగలేదు. యమున మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

"బొట్టు నిలవని బండిలో నిన్నెలగ పంపుతాన్రా? నా మనసు ఒప్పుకోదు. రేపటి సంగతి తరవాత సూద్దాం."

"రేపు సేరకపోతే ఉద్యోగం ఉండదమ్మా."

పోతురాజు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఇన్నేళ్లు మైనం పెడుతూ దాటిపోయిన బొట్టు చోటుని, ఇవాళ బెంగలో పడి గుర్తే లేకుండా తుడిచి, దాని మీద కూడా సీలెంట్ పట్టించేశాడు. ఉప్పుగాలి గుర్తుంది, పసుపు గుర్తులేదు.

"తప్పు నాదమ్మా. ఒక్క నిమిషం ఆగండి" అని మోకాళ్ల మీద బానెట్ ముందు కూర్చున్నాడు. వేలికి బనీను గుడ్డ చుట్టి, పైపూత అరగదీసే రుద్దుడు మందు చిటికెడు అద్ది, రూపాయి బిళ్లంత మేర నెమ్మదిగా రుద్దాడు. మెరుపు పోయింది. గుడ్డకి ఆకుపచ్చ అంటింది. ఆ మచ్చ మీద నీళ్ల చుక్క వేసి చూశాడు. జారలేదు, పరుచుకుంది.

"ఇప్పుడెట్టండి."

యమున పెట్టిన బొట్టు నిలిచింది. దాని మీద కుంకుమా నిలిచింది. ఆవిడ కళ్లు తుడుచుకుని నవ్వింది.

శైలజ వంగి చూసింది. "మరి ఈ కాస్త సోటుకీ సీలెంట్ నేదు గదా మావా. ఉప్పుగాలి దీన్ని ఊరుకుంటాదా?"

"ఊరుకోదు" అన్నాడు పోతురాజు నిజాయితీగా. అన్నాక తనేం అన్నాడో తనకే తట్టింది. "పాత బొట్టు తుడిసి, ఈ మచ్చలో బొట్టు సోటు ఒదిలి సుట్టూ ఏలుతో మైనం పెట్టి, మళ్లా కొత్త బొట్టెట్టాల. రెణ్ణెల్లకోపాలైనా..."

తాతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకది రాదు. బొట్టు అమ్మే పెట్టాల, మైనం నువ్వే పెట్టాల" అంది శైలజ డ్రైవరు సీట్లో కూర్చుంటూ. "రెణ్ణెల్లకో ఆదివారం తెస్తాను. డబ్బా బండిలో ఎట్టీమంటావా?"

"వొద్దమ్మా. ఇక్కడుండనీ."

నిమ్మకాయలు చితికాయి. ఫియట్ ఒకసారి దగ్గి, వీధి మలుపు దాకా పసుపు చుక్క మోసుకుంటూ పోయి, రాయగడ రోడ్డెక్కి విజయనగరం వైపు తిరిగింది. యమున లోపలికి వెళ్లింది. తాతమ్మ క్యారేజీ సర్దుకుని, "రా బేగి, రెణ్ణెల్లూ ఇక్కడే నిలబడతావేటి?" అని ముందు నడిచింది. పోతురాజు షెడ్డు ఊడ్చి, తలుపు దగ్గరగా వేసి, నవ్వుకుంటూ ఆమె వెనకే వెళ్లాడు.

ఖాళీ షెడ్డులో, గోడ గూట్లో మైనం డబ్బా ఉంది, మూత గట్టిగా బిగించి, మీద ఆకుపచ్చ అంటిన బనీను గుడ్డ నాలుగు మడతలు పెట్టి.